పిల్లచేపకు పెద్దల పేరు

కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం అన్యాయమని గొణిగేవాళ్లంటే నాకు చిరాకు. అది అన్యాయం కాదండీ, ఈ కాలం మనకిచ్చిన వరం! నమ్మరా? అయితే మా వనపర్తి జిల్లాలో దొరికిన ఒక చేప సంగతి వినండి.

కొత్తకోటలో హైవే పక్కన జమ్ములమ్మ హోటల్ ఉంది. ఆదిలాబాద్ వైపు నుంచి బండలు వేసుకొని బెంగళూరు పోతున్న లారీ ఒకటి దాని ముందు చెడిపోయింది. పగిలిన బండ ఒకదాన్ని డ్రైవర్ అక్కడే పడేసి పోయాడు. జమ్ములమ్మ దాన్ని చేతులు కడిగే చోట వేయించింది. రోజూ నీళ్లు పడి, చీపురుతో రుద్దగా రుద్దగా, దాని మీద ఒక చేప ఆకారం తేలింది.

శ్రీవాణిది గద్వాల, రైతుల బిడ్డ. రాళ్లలో మిగిలిపోయిన పాతకాలపు చేపల మీద హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. బస్సు ఆగితే చేతులు కడుక్కోవడానికి దిగి, ఆ బండ ముందు అలాగే కూర్చుండిపోయింది. బస్సు ఆమె సంచీని తీసుకొని వెళ్లిపోయింది.

“ఏమైంది బిడ్డా, కండ్లు తిరిగినయా?” అని అడిగింది జమ్ములమ్మ.

“లేదు పెద్దమ్మా. గీ చేప జురాసిక్ కాలంది. డైనోసార్లు తిరిగినప్పటిది.”

“అయ్యో, గిన్నొద్దుల సంది దీని మీద ఎంగిలి చేతులు కడుగుతున్నం గద,” అంటూ జమ్ములమ్మ కొంగుతో బండను తుడిచింది. తర్వాత గోనెసంచుల్లో చుట్టి, తానే దగ్గరుండి హైదరాబాద్ బండి ఎక్కించింది.

శ్రీవాణి గైడు ప్రొఫెసర్ దశరథం గారు. తీరికలేని మనిషి కాబట్టి చేపను ఫోన్‌లో ఫొటో చూసి మెచ్చుకున్నారు. ఎండాకాలమంతా శ్రీవాణి సూదితో రాతిని గీకింది. పొలుసులు లెక్కపెట్టింది, రెక్కలు కొలిచింది, ఇదివరకు తెలిసిన చేపలతో పోల్చింది. చివరికి ఆమెకొక అనుమానం వచ్చింది.

“సార్, ఇది కొత్త జాతి కాదేమో. తెలిసిన చేపకే పిల్ల లెక్క ఉంది. పొలుసులు ఇంకా ఒంటినిండా రాలేదు.”

“పిల్లచేప అంటే ఏ పేపరువాడు వేస్తాడు శ్రీవాణీ? కొత్త జాతి అనే రాయి.”

“జర ఆగుదాం సార్. పెద్ద చేపలు ఇంకొన్ని చూసినంక రాద్దాం.”

“చేప ఆగుతుందమ్మా, నా ప్రమోషన్ ఆగదు.”

అలా ప్రపంచానికి ఒక కొత్త జాతి లభించింది. జాతికి తన పేరు తానే పెట్టుకోవడం శాస్త్రంలో మర్యాద కాదట. అందుకని దశరథం గారు వినయంగా తమ తండ్రిగారి పేరు పెట్టారు. వ్యాసం మీద మొదట ఆయన పేరు, తర్వాత పరీక్షలకు గది ఇచ్చిన పెద్దమనిషి పేరు. శ్రీవాణి పేరు ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో, కరెంటు బాగుచేసినాయనకు చెప్పిన కృతజ్ఞతల కింద ఉంది.

ఇందులో తప్పేముంది? బ్రిడ్జి కట్టిన కూలీల పేర్లన్నీ శిలాఫలకం మీద చెక్కితే, ఫలకం బ్రిడ్జి కంటే పొడుగవదా? గద్వాల చీర నేసినవాళ్ల పేర్లు అంచులో నేస్తే జరీకి చోటెక్కడ? పైగా సన్మానాల్లో శాలువాలు కప్పుతారు. మన ఎండల్లో ఆ ఉక్కపోత ఆడపిల్ల ఎందుకు పడాలి? పెద్దలు మన కోసం ఎంత చెమటోడుస్తున్నారో ఆలోచించండి!

కొన్నాళ్లకు వేరే రాష్ట్రపు పండితుడొకాయన ఆ చేపను పరీక్షించి, ఇది కొత్త జాతి కాదు, పాత చేపకు పిల్ల అని తేల్చాడు. విలేకరులు దశరథం గారి దగ్గరికి పరుగెత్తారు.

“కొలతలన్నీ మా విద్యార్థిని శ్రీవాణి చూసుకుంది,” అన్నారాయన.

చూశారా, వరం ఎవరినీ మరిచిపోదు! మర్నాడు పేపర్లో శ్రీవాణి పేరు పెద్ద అక్షరాల్లో వచ్చింది, ఊరి పేరుతో, ఫొటోతో. ఆమె చదువు మీద విచారణ వేస్తారన్న కబురు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం శ్రీవాణి పెట్టె పట్టుకొని కొత్తకోటలో దిగింది. జమ్ములమ్మ సంబరంగా పేపరు తెచ్చి చూపించింది.

“నీ ఫొటో పడ్డది సూడు బిడ్డా. ఏం రాసిండ్రు?”

“తప్పు నాదని రాసిండ్రు పెద్దమ్మా. నేను ఇంటికి పోతున్న, ఇగ రాను.”

జమ్ములమ్మ పేపరు మడిచి పెట్టి, చాయ్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“పిల్లచేప అని ముందుగాల నువ్వే అన్నవని ఫోన్ల చెప్తివి గద?”

“అన్న.”

“మరి గది రాయలేదేంది?”

“ఎవరు రాస్తరు పెద్దమ్మా?”

“నీకు రాయరాదా?”

శ్రీవాణి చాయ్ చల్లారేదాకా కూర్చుంది. తర్వాత రోడ్డు దాటి హైదరాబాద్ బస్సెక్కింది. ఆ చేప చిన్నప్పుడు ఎలా ఉండేది, పెరుగుతూ ఎలా మారేది అంతా వివరంగా రాసి, తన ఒక్క పేరుతోనే పంపింది. వ్యాసం అచ్చయింది. విచారణ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. పనిచేసినవాళ్లే పేరు రాసుకోవడం మొదలుపెడితే మన పెద్దల గతేమిటి? పాపం, వాళ్లు కూడా పనిచేయాల్సి వస్తుంది.