కొలిమి మూతకు వెండికళ్లు

తంతి వచ్చేసరికి నేను పెసరట్టు తిరగేస్తున్నాను. మావారు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్నూ అట్లకాడనూ కలిపి గిరగిరా తిప్పేశారు. పెళ్లయిన నెలలోనే మొగుడికి బహుమతి రావడం ఎంతమందికి జరుగుతుంది? బొగ్గు ఆదా చేసి పొగ తగ్గించిన ఆదర్శ కొలిమిగా, బిట్రగుంట దగ్గరి మా ఇత్తడి కార్ఖానా కొలిమిని పరిశ్రమల సంఘం ఎంపిక చేసింది. అందుకోసం దానికి మూత తయారు చేయించిన ఇంజనీరు మావారే. అట్టు మాడిపోయింది. ఆ పొగ లెక్కలోకి రాదు.

సంగతి చాలా సులువు. ఇత్తడి కరిగే కొలిమి నోరు తెరుచుకుని ఉంటే వేడి ఆకాశం పాలు, పొగ పనివాళ్ల పాలు. దళసరి మట్టిపూతతో ఇనుపమూత వేస్తే రెండూ తగ్గుతాయి. మూత వచ్చిన రోజు ఆయుధపూజ. సుత్తులకూ పట్టుకార్లకూ బొట్లు పెట్టారు. అవి మర్నాడే పనిలోకి దిగాయి. మూత మీద మాత్రం మేనేజరు పద్మనాభయ్యగారు అభిమానం కొద్దీ వెండికళ్లు అతికించారు. కళ్లు పెట్టాక అది సామాను కాదు, అమ్మవారు.

"కళ్లు తెరిచిన తల్లిని మంట మీద బోర్లిస్తామా సామీ?" అంటూ మేస్త్రీ ఓబులేసు చెంపలేసుకున్నాడు.

కొలిమిలో బొగ్గు ఎగదోసే పనివాడు సమాధానం దగ్గుతూ వచ్చాడు. "మూతేస్తే నాకు ఊపిరాడుద్ది గదన్నా."

"నువ్వు కిరస్తానీవోడివి గదరా, నువ్వే ఎత్తిపెట్టు. పాపం నీకంటదు."

"నాకంటదు సరే. రేపు నీ పిల్లోడికి జొరమొస్తే నా ఇంటిమీదికేగా వస్తావు?"

ఈ వాదన న్యాయంగానే ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. మూత మేనేజరుగారి గదిలో పీటెక్కింది.

తరవాత తనిఖీ సంఘం వచ్చింది. పెద్దమనుషులకు పొగ తగలడం మర్యాద కాదు కనుక ఆ రోజు కొలిమి వెలిగించలేదు. వారు శ్రద్ధగా కొలిచారు. ఇంత తక్కువ బొగ్గుతో, ఇంత నిర్మలంగా ఉన్న కొలిమిని ఎక్కడా చూడలేదన్నారు. మావారు నిజం చెప్పడానికి నోరు తెరిచారు. పద్మనాభయ్యగారు అందులో మలైకాజా పెట్టారు.

తంతి సంగతి విని సమాధానం భార్య రెబెక్కమ్మ మా గడపలోకి వచ్చింది. "బహుమానం వచ్చింది గదమ్మా, ఇప్పుడన్నా మూతేయిస్తారా? మంచం మీద కూచోను గూడా లేకుండా ఎగపోస్తా ఉండాడు."

ఎంత ఆనందమో నాకు! ఆమె చేతిలోనూ ఒక కాజా పెట్టాను.

సాయంత్రం పద్మనాభయ్యగారు అందరినీ సమావేశపరిచారు. "మూడో పంచవర్ష ప్రణాళికకు మన కార్ఖానా అందిస్తున్న కానుక, పొదుపు సంకల్పం! సంకల్పం గొప్పదైతే అమలు దానంతటదే సిగ్గుపడి తప్పుకుంటుంది!" అన్నారు. చప్పట్లు మోగాయి.

రేపే సన్మానం. మూతను పూలబండి మీద ఊరేగిస్తారు. పొగలేని కొలిమి సభలో దగ్గు బాగుండదని సమాధానానికి జీతంతో సెలవిచ్చారు. అయితే అతని ఇల్లు సభాస్థలి గోడ అవతలే. అందుకని ఏర్పాటు ఇది: దగ్గు వినిపించినప్పుడల్లా మేమంతా చప్పట్లు కొట్టాలి. ముందు వరుసలో కుర్చీ నాదే, మొదటి చప్పట్లూ నావే. మీరూ తప్పక రండి. అతను దగ్గే తీరు చూస్తే, మా చేతులు మాత్రమే చాలేలా లేవు.