మా కాలనీకి ఇంకో అడవిపంది కావాలి

ప్రతి అపార్ట్‌మెంటుకూ లిఫ్టూ, జనరేటరూ ఉన్నట్టే ఒక అడవిపంది కూడా ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నాకు పొద్దున్నే నడక అలవాటు. మా ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆవిడ మాట్లాడేది, నేను నడిచేవాణ్ణి. ఆవిడ పోయాక మాటల వాటా కూడా నా మీదే పడింది కాబట్టి, ఎదురైన ప్రతివాళ్లకూ గుడ్ మార్నింగ్ చెబుతాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకు వినిపించదు. పెట్టుకోనివాళ్లు వినిపించుకోరు. మా పైఫ్లాటు ఆడిటర్ అయితే నన్ను చూడగానే ఫోన్లో ఏదో అత్యవసరంగా వెతుక్కుంటాడు. అయినా నేను మానలేదు.

ఆ రోజు మంచు కమ్మేసింది. కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్తుంటే, పార్కు మూల పొద దగ్గర నల్ల ట్రాక్‌సూట్‌లో ఆడిటర్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు కనిపించింది.

"గుడ్ మార్నింగండీ" అన్నాను.

"గుర్ర్" అని జవాబొచ్చింది.

నా ఆనందం ఏమని చెప్పను! ఇన్నేళ్లలో మొదటి పలకరింపు. ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని ఇంకాస్త దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకున్నాను. ఆడిటర్‌కు కోరలు లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నా మోకాళ్లు ఇక మెట్లెక్కవని డాక్టర్ ఏనాడో తేల్చేశాడు. ఆ మోకాళ్లే నన్ను పిల్లల జారుడుబల్ల పైకి చేర్చాయి. ఏ ఫిజియోథెరపిస్టు చేయగలడండీ ఈ వైద్యం? తీరా ఎక్కి చూస్తే, అక్కడ అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. అసలు ఆడిటర్.

మోకాలికి మోకాలు ఆనేలా సర్దుకున్నాం. కింద పంది ప్రదక్షిణాలు చేస్తోంది.

"మీరు ఏ బ్లాకు సార్?" అన్నాడు.

"మీ కింద ఫ్లాటే నాయనా. మీరు కుండీలకు పోసే నీళ్లు మా బాల్కనీలోకే కారతాయి."

"అయ్యో, చెప్పొచ్చు కదా."

"ఎందుకు చెబుతాను? మా బాల్కనీలో ఉన్నవి మా ఆవిడ పెట్టిన మొక్కలు. ఆవిడ పోయిన కొత్తల్లో నాకు నీళ్లు పోయాలన్న ధ్యాసే లేదు. మీ నీళ్ల మీదే బతికాయి."

అతను చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇకమీదట కాస్త ఎక్కువే పోస్తాలెండి, బాబాయ్‌గారూ."

పంది విసుగెత్తి వెళ్లిపోయింది. మేం ఇంకాసేపు అక్కడే కూర్చున్నాం.

ఆ తర్వాత కాలనీకి పట్టిన భాగ్యం చూడాలి! ఎవరూ ఒంటరిగా నడవకూడదని సెక్రటరీ ఆర్డరు వేశాడు. పార్కింగు కోసం కోర్టుకెక్కిన ఇద్దరు పెద్దమనుషులు ఒకే కర్రకు చెరో కొసా పట్టుకుని నడిచారు. మాటల్లేని అత్తాకోడళ్లు చేతులు పట్టుకున్నారు. ముందు ఎవరు పరిగెడతారోనన్న అనుమానంతోనే అనుకోండి, అయినా పట్టుకున్నారు కదా. లిఫ్టులో జనం ఫోన్లలోంచి తలలెత్తి, "ఇవాళ కనబడిందా?" అని అడిగారు. నన్ను! యోగా క్లాసులూ, గెట్‌టుగెదర్లూ సాధించలేనిది ఒక పంది, అదీ జీతం భత్యం లేకుండా సాధించింది.

ఆడిటర్ రోజూ వచ్చి మా తలుపు కొట్టేవాడు. నేను మాట్లాడేవాణ్ణి, అతను నడిచేవాడు.

కానీ మంచిని చూసి ఓర్చుకునే లోకమా ఇది? అటవీ శాఖవాళ్లు బోను పెట్టి, మొక్కజొన్న కంకులు ఎరవేసి, పట్టేసుకున్నారు. లారీ కదులుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను గుడ్ మార్నింగ్ చెప్పాను. బోనులో ఉండి కూడా అది "గుర్ర్" అంది. పెంపకం అంటే అదీ.

ఆ సాయంత్రమే ఆర్డరు రద్దయిందని నోటీసు అంటించారు. లిఫ్టులో తలలన్నీ తిరిగి ఫోన్లలోకి దిగిపోయాయి. మర్నాడు పొద్దున్న నేను బూట్లు వేసుకుని, మళ్లీ విప్పేసి, కుర్చీలో కూలబడ్డాను. ఇప్పుడిక ఎవరైనా నాతో నడవాల్సిన అవసరం ఏముంది?

తలుపు చప్పుడైంది. ఆడిటర్. చేతిలో కర్ర.

"ఇంకోటి ఉందట, బాబాయ్‌గారూ" అన్నాడు గంభీరంగా.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అనుమానంగా ఉంది."

"నాకూ అలాగే ఉంది నాయనా" అని బూట్లు అందుకున్నాను.

పాఠకులారా, మీ వీధిలోనూ ఒకటి తిరుగుతోందని నా గట్టి నమ్మకం. ఒక్కరే బయల్దేరకండి. ముందు పక్కింటి తలుపు కొట్టండి.