స్కేట్లకు ఫ్యాన్ గ్రీజు

ఫ్యాన్ల డాక్టరుగారి చెయ్యి పడితే ఎంత మొండి ఫ్యానైనా తిరగాల్సిందే. పాతికేళ్లుగా ఆయన చేసే రిపేరు పని అదే. అలాంటి మనిషి, తిరిగే వస్తువును తిరగకుండా చెయ్యడం ఎలాగా అని జీవితంలో మొదటిసారి బుర్ర బద్దలుకొట్టుకున్నారు.

కారణం ఇంట్లోనే ఉంది. లెక్కల టీచరైన ఆయన భార్య, నలభై మూడేళ్ల వయసులో స్కేటింగ్ నేర్చుకుంటానని ప్రకటించింది. స్కూలు పక్క మైదానంలో ఆదివారాలు పెద్దవాళ్లకు క్లాసులట. తోటి టీచరు వాడేసిన స్కేట్లు కూడా తెచ్చేసుకుంది. బూట్లు బాగానే ఉన్నాయి గానీ చక్రాలు అరిగిపోయాయి.

రెండేళ్ల కిందట ఆవిడ స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు వంట ఆయనదే. తన భయమంతా మళ్లీ వంట చెయ్యాల్సి వస్తుందనేనని స్నేహితులతో చెప్పుకున్నారు గానీ, అది ఉత్త మాట. ఆస్పత్రిలో ఆవిడ పళ్లబిగువున నొప్పి ఓర్చుకుంటుంటే చూడలేక, బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఆ సంగతి ఆవిడకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ అలాంటి రోజు రాకూడదు, అంతే.

వద్దంటే వినే మనిషి కాదు. అందుకని ఆయన గొంతులో తేనె కలుపుకుని, చక్రాలూ బేరింగులూ బ్రేకూ నేనే ఎంచి తెస్తానన్నారు. బేరింగుల గురించి నాకంటే ఎవరికి తెలుసన్నారు. ఆవిడ మారుమాట్లాడకుండా సరేనంది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆవిడ మొదటి మాటకే ఒప్పుకున్న సందర్భం మరొకటి లేదు. అనుమానం అప్పుడే రావాల్సింది.

షాపాయన ముందుగా పెద్ద చక్రాలు చూపించాడు. చక్రం పెద్దదయ్యేకొద్దీ వేగం పెరుగుతుందన్నాడు. డాక్టరుగారు అన్నిటికన్నా చిన్నవి తీశారు. గట్టి చక్రాలు జారతాయనీ, మెత్తవి నేలను పట్టుకుంటాయనీ చెబితే, వేలితో నొక్కి నొక్కి అన్నిటికన్నా మెత్తవి ఎంచారు. బ్రేకు ఒక కాలికే ఉంటుందంటే, ఆవిడకు రెండు కాళ్లున్నాయని గుర్తుచేశారు. మోకాళ్లకు, మోచేతులకు, మణికట్లకు తొడుగులు తీసుకుని, నడుముకేమైనా ఉందా అని అడిగారు.

షాపాయనకు ఓపిక నశించింది. "ఇంతకీ ఆవిడ కదలాలా, వద్దా సార్?"

"నిలబడితే చాలు," అన్నారు డాక్టరుగారు.

మర్నాడు ఆవిడ బడికెళ్లాక, ఫ్యాన్లకు వాడే చిక్కటి గ్రీజు డబ్బా ముందేసుకు కూర్చున్నారు. చక్రానికి రెండు చొప్పున పదహారు బేరింగుల్లోనూ కూరి కూరి పెట్టారు. చక్రాన్ని వేలితో తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. పాతికేళ్ల పనితనానికి తలకొట్టేసినట్టయింది గానీ, మనసు కుదుటపడింది.

ఆదివారం పొద్దున తనే సంచీ మోసుకుంటూ మైదానానికి వెంట వెళ్లారు. హెల్మెట్టూ, ఒంటినిండా తొడుగులతో ఆవిడ బెంచీ మీద కూర్చుని స్కేట్ల తాళ్లు బిగించుకుంటూ, మామూలుగా ఓ మాట అంది.

"చెప్పడం మర్చిపోయాను. నిన్న మీరు పనిమీద వెళ్లినప్పుడు మా తమ్ముడొచ్చాడు. చక్రాలు బిగుసుకున్నాయని బేరింగులన్నీ పెట్రోలుతో కడిగి, సన్న నూనె వేశాడు. ఇక గాల్లో తేలినట్టు పోతాయట."

ఆ తమ్ముడు మోటారు సైకిళ్ల మెకానిక్కు. మూలపడ్డ బళ్లను పరుగెత్తించడం వాడి వృత్తి. డాక్టరుగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. అమాంతం నేలమీద కూలబడి, ఆవిడ రెండు కాళ్లూ గట్టిగా పట్టుకున్నారు.

"లేవకు. నేను చెప్పేది వినేదాకా లేవకు."

నేర్చుకోవడానికొచ్చిన పదిమందీ ఆగిపోయారు. నేర్పే ఆయన విజిల్ ఊదబోయి మానేశాడు. వాళ్లందరి ఎదుటా డాక్టరుగారు చిన్న చక్రాలు, రెండు బ్రేకులు, ఫ్యాన్ గ్రీజు, అన్నీ ఒప్పుకున్నారు. ఆ ఊపులో ఆస్పత్రి మెట్ల సంగతి కూడా బయటికొచ్చేసింది. "నువ్వు పడితే నేను తట్టుకోలేను," అన్నారు.

ఆవిడ ఆయన చేతుల్లోంచి కాళ్లు విడిపించుకుంది. తర్వాత కాలు కొంచెం ఎత్తి, చక్రాన్ని వేలితో తిప్పింది. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది.

"మా తమ్ముడు రానేలేదు," అంది.

డాక్టరుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కోపం తెచ్చుకోవాలని ఆ తర్వాత గుర్తొచ్చింది గానీ, అప్పటికే హాయిగా ఊపిరి పీల్చేసుకున్నారు.

"ఎలా కనిపెట్టావు?"

"ఒకటిన్నర చుట్టుకే ఆగిపోయేదాన్ని మీరెప్పుడైనా పనైపోయిందని ఎవరికైనా ఇచ్చారా?"

"మరి తెలిసీ ఎందుకూరుకున్నావు?"

ఆవిడ గొంతు తగ్గించింది. "నాకూ భయమేనండీ. నెమ్మదిగా పోయే చక్రాలివ్వమని షాపులో అడగడానికి సిగ్గేసింది. మిమ్మల్ని పంపితే చెప్పకుండానే అవే తెస్తారని తెలుసు. కాకపోతే ఆ గ్రీజు సంగతి మీ నోటితో చెప్పిద్దామనుకున్నాను. మెట్ల సంగతి మాత్రం నేను అనుకోలేదు."

నేర్పే ఆయన కూడా వంగి చూసి, కొత్తవాళ్లకు సరిగ్గా ఇలాంటి చక్రాలే కావాలన్నాడు. గ్రీజు ఉపాయం తనకింతవరకూ తట్టలేదన్నాడు. ఆవిడ మొగుడి భుజం పట్టుకుని లేచింది. ఒక అడుగు, రెండు, మూడు. పడలేదు.

"ఈ గ్రీజు ఇలాగే ఉండనిద్దామా?" అన్నారు డాక్టరుగారు ఆశగా.

"నెలకో జతకి తీసేద్దాం. కుడికాలిది ఒక చక్రం, ఎడమకాలిది ఒక చక్రం. ఒక్క కాలికే తీస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతాను."

డాక్టరుగారు లెక్కవేసుకున్నారు. కాలికి నాలుగు చక్రాలు, నాలుగు నెలలు. ఆ తర్వాత ఆవిడ తనకు అందకుండా దూసుకుపోతుంది. ఆ వేగం నెలనెలా తన చేతులతో తనే పెంచాలి.

"వేరేవాళ్ల చేత తీయించకూడదూ?" అన్నారు.

"వేరేవాళ్లు తీస్తే నాకు భయమండీ," అంది ఆవిడ.