పెనం మీద మంత్రిగారు

ఇకపై ఈ దేశంలో పొగ అనేది ఉండబోదని పొగ నివారణ శాఖ మంత్రిగారు ప్రకటించారు. జనం హర్షధ్వానాలు చేశారు. జనం అంటే నేను, క్యాంటీన్ నడిపే అమ్మాయి, వెల్డింగ్ పని చేసే ఆమె తమ్ముడు, కొందరు ఫొటోగ్రాఫర్లు, రాకపోతే జీతం కోస్తామంటే వచ్చిన శాఖ సిబ్బంది.

ప్రకటనకు శాఖ కార్యాలయం వెనక ఉన్న క్యాంటీన్‌ను ఎంచుకోవడంలోనే మంత్రిగారి దూరదృష్టి తెలుస్తుంది. శాఖ మొత్తం మీద నిజంగా పొగ వచ్చే చోటు అదొక్కటే. అక్కడ బొగ్గుల పొయ్యి ఉండేది. ముందు రోజే దాన్ని జప్తు చేసి తీసుకుపోయారు. మా ఆవిడ పోయినప్పటి నుంచి నేను పొద్దున్నే ఆ పొయ్యి మీది ఆమ్లెట్ తిని బతుకుతున్న మనిషిని. అయినా దేశానికి మేలు జరుగుతోంది కదా అని చప్పట్లు కొట్టాను.

పొయ్యి ఉన్న చోట నల్లటి పీపాలాంటి యంత్రం పెట్టారు. దాని పేరు పెల్లెట్ గ్రిల్. పక్కనున్న పెట్టెలో చెక్కపొట్టుతో చేసిన గుళికలు పోస్తే, లోపల మరలాంటిది తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా మంటలోకి నెడుతుంది. ఎంత వేడి కావాలో చెబితే చాలు, గాలినీ మంటనీ అదే సర్దుకుంటుంది. తన పని తాను చేసుకునే వస్తువు శాఖలోకి రావడం అదే మొదటిసారి కాబట్టి సిబ్బంది దాన్ని కాస్త అనుమానంగా చూశారు.

మంత్రిగారు మూత ఎత్తి, కెమెరాల వైపు తిరిగి నవ్వి, కమ్మీల మీద గుడ్డు కొట్టారు. గుడ్డు కమ్మీల సందులోంచి కిందికి జారిపోయింది. ఇంకోటి కొట్టారు. అదీ అదే దారి పట్టింది.

"గుడ్డు ఎక్కడికి పోయింది సార్?" అని ఒక ఫొటోగ్రాఫర్ అడిగాడు.

"కింది స్థాయికి చేరింది," అన్నారు మంత్రిగారు. "మా ప్రభుత్వం ఏం చేసినా కింది స్థాయికి చేరుతుంది."

మళ్లీ హర్షధ్వానాలు. కారు వెళ్లిపోయింది. క్యాంటీన్ అమ్మాయి మాత్రం గుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"బాబాయిగారూ, నా పొయ్యి పట్టుకుపోయారు. దీని మీద గుడ్డు నిలవదు. రేపటి నుంచి నేనేం వండను?"

"కార్యదర్శిగారిని అడుగుదాం అమ్మాయ్," అన్నాను.

శాఖ కార్యదర్శిగారు చాలా మర్యాదస్తులు. ఎవరినైనా కూర్చోబెట్టే కాదంటారు. "నెలాఖరుకు మంత్రిగారే వచ్చి అధికారికంగా ప్రారంభిస్తారు. ఆ రోజు ఈ యంత్రం మీద ఆమ్లెట్ రావాలి," అన్నారు. "రాకపోతే క్యాంటీన్ వేరేవాళ్లకి ఇచ్చేయమని ఆర్డరు. నాకు మాత్రం బాధగా ఉండదా చెప్పమ్మా?" ఆ బాధలోనే ఆమెకు మంచినీళ్లు ఇప్పించారు.

గుడ్డు కింద పడకుండా ఏం చేయాలో తేల్చడానికి ఒక బృందం విమానమెక్కి వెళ్లింది. చల్లటి ఊళ్లు కొన్ని తిరిగి, శాలువాలు కొనుక్కుని వచ్చింది. కమ్మీల మీద చదునైన ఇనప రేకు పరిస్తే గుడ్డు నిలుస్తుందని నివేదిక ఇచ్చింది.

"అంటే పెనమేనా అండీ?" అన్నాను నేను.

కార్యదర్శిగారు నొచ్చుకున్నారు. "పెనం కాదండీ. గ్రిడిల్ ఇన్సర్ట్."

"తేడా ఏమిటండీ?"

"పెనమైతే బజార్లో కొనుక్కోవచ్చు. దీనికి టెండరు పిలవాలి."

ఆ సంగతి మంత్రిగారి దాకా వెళ్లింది. అక్కడే మామూలు మనిషికీ నాయకుడికీ ఉన్న తేడా బయటపడింది. మామూలు మనిషికి ఇనప రేకును చూస్తే ఇనప రేకే కనిపిస్తుంది. మంత్రిగారికి అందులో తన ముఖం కనిపించింది. ఆ రేకు మీద తన ముఖం ఉబ్బెత్తుగా పోత పోయించాలని, ప్రతి ఆమ్లెట్ మీదా తన చిరునవ్వు పడాలని ఆదేశించారు. ప్రజలు పొద్దున్న లేస్తూనే తనను చూడాలన్నది ఆయన చిరకాల కోరిక.

"చూడటమేం సార్, తింటారు కూడా!" అన్నారట కార్యదర్శిగారు.

రేకు లారీలో వచ్చింది. నలుగురు దింపారు. మధ్యలో మంత్రిగారి ముఖం. చుట్టూ అంచు వెంబడి 'గౌరవనీయ పొగ నివారణ శాఖామాత్యులు' అని అక్షరాలు. యంత్రం లోపలి కొలతకు ఇసుమంత సందు లేకుండా సరిపోయింది. అంత పెద్ద పదవి పట్టాలంటే అంత వెడల్పు ఉండాల్సిందే మరి.

మంట పెట్టి మూత వేశారు. కాసేపటికి గుళికల పెట్టెలోంచి పొగ మొదలైంది. తర్వాత మూత సందుల్లోంచి. తర్వాత ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేనంతగా వచ్చింది. పై అంతస్తుల కిటికీలు టపటపా మూసుకున్నాయి. బొగ్గుల పొయ్యి ఏడాది పొడుగునా వదిలినంత పొగను ఈ యంత్రం టీ తాగేంతలో వదిలింది. సామర్థ్యం విషయంలో దానికి సాటి లేదని ఒప్పుకోవాలి.

"పొగ వస్తోంది సార్," అన్నాడు అమ్మాయి తమ్ముడు దగ్గుతూ.

"అది పొగ కాదు. ఆవిరి," అన్నారు కార్యదర్శిగారు, కనిపించకుండా.

"నల్లగా ఉంది సార్."

"నల్లావిరి."

నల్లావిరి తన గొంతులోకి కూడా పోయాక ఆయన బయటికి పరుగెత్తి, యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచారు. రేకుకు నాలుగు వైపులా వేలెడు సందు వదలాలని, లేకపోతే పొగ పోయే దారి లేక మంట ఉక్కిరిబిక్కిరి అవుతుందని అందులో బొమ్మతో సహా ఉంది. అంచులు కోయాలి. అంచు మీద ఉన్నది మంత్రిగారి పదవి.

కార్యదర్శిగారు పుస్తకం మూసేశారు. "పదవి తీసేస్తే ముఖం నిలుస్తుందంటావా?" అని తమ్ముణ్ణి అడిగారు.

"ముఖం గట్టిగానే ఉంది సార్. పోత ఇనుము."

"సరే, కోయి. ఎవరూ చూడకుండా కోయి. నేను చెప్పానని చెప్పకు."

పదవి ముక్కలుముక్కలై నేల మీద పడింది. పొగ తగ్గింది. మంట తేటగా, బుద్ధిగా మండింది. పొగ విషయంలో శాఖ సాధించిన మొదటి విజయం అదే.

ఇక గుడ్డు. అమ్మాయి నూనె రాసి, దేవుణ్ణి తలుచుకుని, సరిగ్గా మంత్రిగారి నుదుటి మీద కొట్టింది. గుడ్డు నుదుటి మీద నిలవలేదు. కళ్ల మీదుగా జారి, బుగ్గల పక్కనుంచి మెడ దగ్గరికి వెళ్లి మడుగు కట్టింది. ఆ మడుగు మాడిపోయింది. నుదురు పచ్చిగా ఉండిపోయింది. ఎక్కువ గుడ్లు పోస్తే ముఖం మునిగింది గానీ ముక్కు మునగలేదు. ఆమ్లెట్ మధ్యలోంచి ముక్కొక్కటే పైకి వచ్చి చూస్తోంది. తిప్పబోతే అట్లకాడ పెదవికి తగులుకుంది. అమ్మాయి లాగింది. సగం ఆమ్లెట్ వచ్చింది, సగం చిరునవ్వుకు అంటుకుపోయింది.

"ముక్కు అడ్డంగా ఉందండీ," అంది అమ్మాయి చెమట తుడుచుకుంటూ.

"మెల్లిగా మాట్లాడమ్మా!" కార్యదర్శిగారు చుట్టూ చూశారు. "ఏమయ్యా, ముక్కు కొంచెం తగ్గించగలవా? గౌరవం చెడకుండా."

"ఎంత తగ్గిస్తే చెడదు సార్?"

దీనికి శాఖలో నిబంధన ఏదీ లేదు. "నీ అంతరాత్మకు వదిలేస్తున్నా," అని చెప్పి ఆయన షామియానా పని చూడటానికి వెళ్లిపోయారు.

ప్రారంభోత్సవానికి ముందు రోజు అది. తమ్ముడు గ్రైండరు తెచ్చి ముక్కు అరగదీశాడు. ముక్కు పోయేసరికి బుగ్గలు ఎత్తుగా తేలాయి. గుడ్డు బుగ్గల మీంచి జారింది. బుగ్గలు అరగదీస్తే గడ్డం మిగిలింది. నేను గుడ్లు అందిస్తూ పక్కన నిలబడ్డాను.

"అక్కా, నవ్వు పోయింది."

"నవ్వు లేకపోతే లేదు. గుడ్డు రావాలిరా."

"కళ్లు?"

"తీసేయ్. మూసుకున్నారనుకుంటారు."

"కళ్లు తీస్తే కనుబొమలు ఎందుకే, ఊరికే వేలాడుతూ?"

"అవీ తీసేయ్. మొహమాటపడితే మనకి రేపు కూడు ఉండదు."

సాయంత్రానికి రేకు నున్నగా తేలింది. అమ్మాయి పల్చగా నూనె పూసి, మూత వేసి, ఓపిగ్గా కాగనిచ్చింది. చల్లారనిచ్చి మళ్లీ పూసింది, మళ్లీ కాచింది. రేకు నల్లగా నిగనిగలాడింది. అప్పుడు గుడ్డు కొట్టింది. గుడ్డు సుయ్‌మని పరుచుకుని, అంచులు ముడుచుకుని, అట్లకాడ తగలగానే బల్ల మీద గాజు పళ్లెంలా జారింది. తిరగేస్తే అటువైపు లేత బంగారు రంగు. నేను అడక్కుండానే నా ఆమ్లెట్ మీద మిరియాలు చల్లింది. ఎన్నో రోజుల తర్వాత వేడివేడిగా తిన్నాను. లోకంలో ఇలాంటివి ఇంకా దొరుకుతున్నందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక, గ్రైండరు పట్టుకున్నవాడికి చెప్పాను.

వాడు రేకు వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

"అక్కా... మంత్రిగారు లేరే."

ముగ్గురం చూశాం. నిజమే. ఆయన ఎక్కడా లేరు.

"నన్ను జైల్లో వేస్తారా బాబాయిగారూ?"

"ముఖం అరగదీయకూడదని చట్టం ఉన్నట్టు నాకు గుర్తులేదురా."

"లేకపోతే రేపు పొద్దున్నే చేస్తారు," అంది అమ్మాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, మూత దించేసింది. "రేపు ఆమ్లెట్ ముందే వేసి, ముక్కలు కోసి పెడతా. మూత తీయను. వేడి పోతుందని చెబుతా. ఆయన ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోతే బతికిపోయినట్టే. తీయమంటే మాత్రం క్యాంటీనూ పోయింది, మనమూ పోయాం."

మర్నాడు షామియానా వేశారు. మంత్రిగారి నిలువెత్తు బొమ్మలు కట్టారు. ఎంతసేపు చూసినా మంత్రిగారు రాలేదు. ఆలస్యంగా రావడం నాయకుడి లక్షణం కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. అంతలో కార్యదర్శిగారి ఫోను మోగింది. ఆయన కుర్చీలో కూర్చుని విన్నారు, లేచి విన్నారు, చివరికి ఫోనుకు నమస్కారం పెట్టారు.

పొద్దున్నే మంత్రివర్గం మారింది. మా మంత్రిగారు ఇప్పుడు మంత్రిగారు కారు. కొత్త మంత్రిగారు ప్రమాణం చేసి నేరుగా ఇక్కడికే వస్తున్నారు.

ఆ తర్వాత జరిగినదాంట్లో శాఖ చూపించిన చురుకుదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. పొగ నివారించడానికి ఏళ్లు పట్టిన సిబ్బంది, పాత మంత్రిగారి బొమ్మలను కళ్లు మూసి తెరిచేలోగా నివారించారు. అన్నీ తీశాక కార్యదర్శిగారికి ఒకటి గుర్తొచ్చి ముఖం తెల్లబోయింది. పంచె కాళ్లకు అడ్డం పడుతున్నా క్యాంటీన్‌కు పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, ఆ పెనం దాచెయ్యి! దాని మీద ఆయన ముఖముంది!"

"కాలిపోతోందండీ. ఎలా దాచను?"

"మూత తీయకు, నీకు దణ్ణం పెడతా!"

"నేనూ అదే అనుకున్నానండీ," అంది అమ్మాయి.

అప్పటికే కొత్త మంత్రిగారు వెనకే నిలబడి ఉన్నారు. మెడలో దండలు ఇంకా తడిగా ఉన్నాయి. "పెనం మీద మంత్రి ముఖం ఉంటుందట కదా, దారిలో చెప్పారు," అన్నారు ఉత్సాహంగా. "ఏదీ, మూత తీయండి."

కార్యదర్శిగారు కళ్లు మూసుకున్నారు. తమ్ముడు గేటు వైపు ఒక అడుగు వేశాడు. అమ్మాయి నా వంక చూసింది. నేను తల ఊపాను. మూత ఎత్తింది.

నల్లటి రేకు, నున్నగా. అమ్మాయి గుడ్లు కొట్టింది, పరిచింది, తిప్పింది, పళ్లెంలో పెట్టి మంత్రిగారి చేతికిచ్చింది. కార్యదర్శిగారు ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోదీ తెరిచారు.

"ఇదేనా?" అన్నారు మంత్రిగారు.

"ఇదే సార్," అన్నారు కార్యదర్శిగారు గొంతు సవరించుకుని. "తమరే."

మంత్రిగారు కళ్లజోడు పెట్టుకున్నారు. పళ్లెం దగ్గరికి తెచ్చుకున్నారు, దూరంగా పట్టుకున్నారు. ఆమ్లెట్ గుండ్రంగా, పచ్చగా, ఎక్కడా ఏ గీతా లేకుండా ఉంది.

"పోలిక బాగా వచ్చింది," అన్నారు.

"నుదురైతే మరీనూ సార్."

"కాస్త లావుగా ఉన్నానా?"

"గుడ్డు అలా చూపిస్తుంది సార్."

"ఈ అమ్మాయిని ఇక్కణ్ణించి కదిలించకండి," అన్నారు మంత్రిగారు, ఇంకా పళ్లెంలోకే చూస్తూ. "ఎందరో ఫొటోలు తీశారు, విగ్రహాలు చేశారు. నన్ను ఇంత సరిగ్గా ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు."

అమ్మాయి చప్పున పక్కకు తిరిగి ఇంకో గుడ్డు కొట్టింది. ఎవరూ అడగలేదు. చేతులకు ఏదో ఒక పని కావలసి వచ్చినట్టుంది. ఫొటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు. మంత్రిగారు చెంచా ఎత్తి ఆగిపోయారు.

"ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?"

"చెవి నుంచి సార్," అన్నారు కార్యదర్శిగారు. "తమకు దానితో అంతగా పనుండదు."

మంత్రిగారు పళ్లెం ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఒక చోట ఆపారు. చెంచాతో జాగ్రత్తగా చిన్న ముక్క తుంచి, కెమెరాల వైపు తిరిగి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని నమిలారు.

"రుచిగా ఉన్నాను," అన్నారు.