సింపుల్ పెళ్లికి బెంచీలు పాడుచేయు విధానము

మనిషి జన్మ ఎత్తినందుకు ఒక్కసారైనా తోటలో సింపుల్ పెళ్లి చెయ్యాలి. చెయ్యనివాడి జన్మ సగం వృథా!

హాల్లో చేసే పెళ్లి కూడా ఒక పెళ్లేనా? వెళతాం. కుర్చీలు వేసే ఉంటాయి. కూర్చుంటాం, చూస్తాం, తింటాం, వస్తాం. ఒక్క పూటలో అయిపోతుంది. ఇంట్లో ఎవరికీ పనుండదు. ఎవరిమీదా ఎవరికీ కోపం రాదు. అసలు పెళ్లి జరిగిందా లేదా అని తర్వాత అనుమానం కూడా వస్తుంది.

సింపుల్ పెళ్లి అలా కాదు. దానికి ఏడు నెలలు పడుతుంది.

మా మనవరాలు ఆ మాట చెప్పినప్పుడు అందరం ముందుగదిలోనే ఉన్నాం. "హడావిడి వద్దమ్మా. ఊరి బయట తోట. చెట్ల కింద బెంచీలు. అన్నీ మనింట్లో మనం చేసుకున్నవే ఉండాలి. అందరూ రిలాక్స్ అవ్వాలి" అంది. మా అమ్మాయి, అంటే పెళ్లికూతురి తల్లి, "హమ్మయ్య" అంది. ఆ ఇంట్లో ఒకరు హమ్మయ్య అనడం అదే ఆఖరు.

తర్వాత మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది.

"తాతయ్యా, బెంచీలు మాత్రం నువ్వే చెయ్యాలి. పన్నెండు."

నేను ఊఁ అన్నాను.

నాకు మాటలు తక్కువ. మూడో తరగతిలో పలక వదిలేసి ఉలి పట్టాను. యాభై రెండేళ్లు వడ్రంగం చేశాను. చెక్కతో మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశాను. ఈ పన్నెండూ నా ఆఖరి పని అనుకున్నాను. నాలుగు వందలమంది వచ్చి కూర్చుంటారు, లేస్తారు, ఒక్కటి కూడా కిర్రుమనకూడదు అనుకున్నాను. ఇదంతా పైకి చెప్పలేదు. ఆ ఊఁలోనే ఉంది.

ఇక సింపుల్ పెళ్లి వల్ల కలిగే లాభాలు చూద్దాం.

మొదట జామ్ సంగతి. చెట్లకు దీపాలు వేలాడదియ్యడానికి నూటయాభై ఖాళీ జామ్ సీసాలు కావాలన్నారు. ఖాళీ సీసాలు బజార్లో దొరకవా? దొరుకుతాయి. కానీ అవి మనింట్లో ఖాళీ అయినవి కావు కదా! అందుకని నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ జామ్ తిన్నాం. పొద్దున బ్రెడ్డు మీద, సాయంత్రం బ్రెడ్డు లేకుండా. మా అల్లుణ్ణి తీపి మానమని డాక్టరు ఏనాడో చెప్పాడు. కన్నకూతురి పెళ్లి కంటే డాక్టరు ఎక్కువా? తిన్నాడు. చివరి సీసాకొచ్చేసరికి ట్రాఫిక్‌లో ఎర్రలైటు చూసినా మొహం తిప్పుకునేవాడు.

తర్వాత గోనెగుడ్డ. మా కాలంలో గోనెసంచిని గుమ్మం ముందు వేసి కాళ్లు తుడుచుకునేవాళ్లం. అజ్ఞానం! అది బల్లమీద పరిచి దానిమీద భోజనం చెయ్యాల్సిన వస్తువని మాకేం తెలుసు? మా అమ్మాయి అలవాటు కొద్దీ వాటిని ఉతికి ఇస్త్రీ చేసింది. ముడతలు పోయాయని చీవాట్లు తింది. మళ్లీ తడిపి, ఉండచుట్టి, ముడతలు తెప్పించడానికి మూడు రోజులు పట్టింది.

పూల మాట వేరే చెప్పాలా? "ఎవరూ నాటకుండా వాటంతటవే మొలిచినట్టు" ఉండాలట. అలా మొలవడానికి ముగ్గురు మనుషులు వారం రోజులు పనిచేశారు. పాపం, తోటమాలి మొక్కలన్నీ వరసగా నాటాడు. పీకించి, వరస తప్పించి మళ్లీ నాటించారు. అతని సైకిలు కూడా చెట్టుకు ఆనించి, బుట్ట నిండా పూలు పెట్టారు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది. అతను పదిహేను రోజులు ఇంటికి నడిచి వెళ్లాడు. నడక ఆరోగ్యానికి మంచిది కాదా?

ఇన్ని పనులు సింపుల్‌గా జరగాలంటే చూసుకోడానికి ఒక మనిషి ఉండాలి. అందుకని ప్లానర్ అమ్మాయిని పెట్టుకున్నారు. చేతిలో టేపు, చెవిలో ఫోను. పెళ్లిరోజు ఏ నిమిషానికి ఏం జరగాలో కాగితం మీద రాసి అందరికీ పంచింది. అందులో ఒకచోట ఇలా ఉంది: "4.10 నుంచి 4.25 వరకు: రిలాక్స్." ఆ పావుగంటా ఏం చెయ్యాలో తెలియక మా అమ్మాయి బెంగపెట్టుకుంది.

నా బెంచీలకు ఐదు నెలలు పట్టింది. చిత్రిక పట్టి పట్టి, చెయ్యి వేస్తే జారేంత నున్నగా చేశాను. ప్రతిదానికీ మట్టం పెట్టి చూశాను. రంగు వెయ్యడానికి నా పాత స్నేహితుణ్ణి పిలిచాను. వాడు పెయింటరు. అందరూ వాణ్ణి 'మూడో కోటు' అంటారు. ఇంటివాళ్లు రెండు కోట్లు చాలు మహాప్రభో అని దణ్ణం పెట్టినా మూడోది వెయ్యకుండా నిచ్చెన దిగడు. బెంచీలకు నీలం రంగు మూడు కోట్లూ వేసి, ఆరాక ఒక్కోదాని మీదా ఎక్కి గెంతాడు.

"చచ్చినా కదలవురా ఇవి" అన్నాడు.

ప్లానర్ అమ్మాయి వచ్చి చూసింది. చేత్తో నిమిరింది. వంగి అడుగున కూడా చూసింది.

"చాలా బాగున్నాయి అంకుల్" అంది.

డెబ్బై ఆరేళ్లవాణ్ణి అంకుల్ అంది. సరేలే అనుకున్నాను.

"అదే ప్రాబ్లమ్ అంకుల్. షాపులో కొన్నట్టున్నాయి. ఇంట్లో చేసినట్టు లేవు."

"ఇంట్లోనే చేశాడమ్మా. నేను పక్కనే ఉన్నా" అన్నాడు మూడో కోటు.

"చేస్తే సరిపోదు తాతగారూ, చేసినట్టు కనిపించాలి. గొలుసుతో కొట్టి సొట్టలు పెట్టండి. అక్కడక్కడ రంగు ఊడగొట్టండి. ఒక్కో కాలు కాస్త పొట్టి చేస్తే, కూర్చున్నప్పుడు కదిలి నేచురల్‌గా ఉంటుంది."

మూడో కోటు ముందు నా మొహం చూశాడు. తర్వాత తన బ్రష్షు చూసుకున్నాడు.

సాయంత్రం మనవరాలు వచ్చింది. ఆఫీసు బ్యాగు భుజానే ఉంది. కళ్లకింద నల్లటి చారలు.

"తాతయ్యా, నీకు కష్టంగా ఉంటే వద్దు. ఏదో ఒకటి చెబుతాలే ఆమెకి."

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే సరేననా, వద్దనా?"

"ఊఁ."

ఆమె సరేనన్నట్టు తీసుకుని, నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. ఏడు నెలల్లో నేను చేసిన తప్పు ఇదొక్కటే.

మర్నాడు నేనూ మూడో కోటూ షెడ్డులో కూర్చున్నాం. మా ముందు ఇనప గొలుసు ఉంది.

"ఏరా, ఎక్కడ కొడదాం?" అన్నాడు.

నేను చెవి మీది పెన్సిలు తీసి గుర్తులు పెట్టాను. అంచునుంచి నాలుగు వేళ్లు వదిలి ఒక సొట్ట. అక్కణ్ణుంచి జానెడుకొకటి. పన్నెండింటికీ ఒకటే కొలత. వాడు బెంచీకి మూడుచోట్ల రంగు గీకాడు. గీకినచోట గరుకు తగిలితే వాడి మనసు ఒప్పుకోలేదు. సాండ్‌పేపర్ వేసి నున్నగా రుద్దాడు.

ప్లానర్ అమ్మాయి వచ్చి తల పట్టుకుంది.

"ఇదేంటి అంకుల్, డిజైన్ వేసినట్టుంది! మనసు పెట్టకుండా కొట్టాలి. ఏమీ ఆలోచించకూడదు."

"అది మాకెవరూ నేర్పలేదు తల్లీ. ఎక్కడైనా క్లాసులుంటే చెప్పు, ఇద్దరం చేరతాం" అన్నాడు మూడో కోటు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోన్లో మాట్లాడుతూ షెడ్డులోకి వచ్చింది. అవతల వియ్యపురాలు. "అలాగే వదినా... అయ్యో, ఎంతమాట... అందరూ మనవాళ్లేగా వదినా" అంటోంది. ఫోను పెట్టేసింది.

"సింపులేగా అని వాళ్లవైపు ఇంకో అరవైమందిని పిలిచారట నాన్నా" అంది.

మా అమ్మాయి గొలుసు వంక చూసింది. ఇంకెవర్నీ అడగలేదు. రెండు చేతులా ఎత్తింది.

"ఇది జామ్‌కి!" అని ఒకటి వేసింది. "ఇది గోనెగుడ్డకి! ఇది నాలుగూ పది రిలాక్స్‌కి! ఇది అరవైమందికి!"

"సూపర్ ఆంటీ! ఈ ఫీలే కావాలి!" అని ప్లానర్ అమ్మాయి వీడియో తీసింది.

అల్లుడు ఆఫీసునుంచి వస్తూనే చప్పుడు విని పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలుసుకుని చొక్కా చేతులు మడిచాడు. "నాకో రెండు బెంచీలు వదులు" అన్నాడు. కాసేపటికి పెళ్లికొడుకు ఏదో పనిమీద వచ్చి తనూ అందుకున్నాడు. మర్యాదస్తుడు. ప్రతి దెబ్బకీ "సారీ తాతయ్యా" అన్నాడు. ఇన్ని నెలల తర్వాత ఇంట్లోవాళ్లంతా ఒకచోట చేరి, చెమటలు కక్కుతూ, కడుపారా నవ్వారు. ఈ వైద్యం ఏ డాక్టరు చెయ్యగలడు? అందుకే సింపుల్ పెళ్లి మహాభాగ్యం అంటున్నాను!

నేను గోడవైపు తిరిగి, మేకులు ఏరుతూ నిలబడ్డాను. తిరిగి చూడకపోయినా, ఏ దెబ్బ ఏ బెంచీమీద పడిందో చప్పుణ్ణిబట్టి తెలుస్తూనే ఉంది.

కాళ్లు మాత్రం పొట్టి చెయ్యలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి నాకు వినపడని చెవివైపు నిలబడి ఉండాలి.

పెళ్లిరోజు వచ్చింది. తోట కళకళలాడింది. జామ్ సీసాల్లో దీపాలు, ముడతల గోనెగుడ్డలు, వాటంతటవే మొలిచిన పూలు. చెట్లకింద నా పన్నెండు బెంచీలు, నూరేళ్లు వానలో నానినట్టున్నాయి. వచ్చినవాళ్లంతా వాటిచుట్టూ మూగారు. "అబ్బ, ఎంత పాతవో!" అన్నారు. పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

ఒక్కరూ కూర్చోలేదు.

ఎలా కూర్చుంటారు? ఖరీదైన బట్టలు. పేడు గుచ్చుకుంటే? రంగు అంటుకుంటే? పెళ్లికొడుకు మేనమామ భారీ మనిషి. ఆయన ఒక బెంచీ దగ్గరికి వెళ్లి అరచేత్తో నొక్కి చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. బెంచీ రవ్వంత కూడా కదల్లేదు. ఆయన ఇంకోసారి నొక్కాడు. సొట్టలు చూశాడు. "ఎందుకొచ్చిన గొడవ" అని పక్కకెళ్లాడు. ఆయనంతటివాడే వెనక్కి తగ్గాక ఇంకెవరు సాహసిస్తారు?

గంటన్నర అందరూ నిలబడే ఉన్నారు. కంచె వెనకాల వంటవాళ్ల కోసం దాచిన ప్లాస్టిక్ కుర్చీలను మొదట ఎవరు కనిపెట్టారో తెలియదు. ముందు ఓ ముసలావిడ వెళ్లింది. ఆమెకు తోడుగా నలుగురు. వాళ్లను వెతుక్కుంటూ పదిమంది. కాసేపటికి పెళ్లంతా కంచె వెనకాలే జరుగుతోంది! ఇవతల తోటలో పూలు, బెంచీలు, ఫొటోగ్రాఫరు మిగిలారు.

నేనూ వెళ్లి ఒక కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్లు నాకూ ఉన్నాయి.

మనవరాలు వెతుక్కుంటూ వచ్చింది. పక్క కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, పాదాలు నొక్కుకుంది. ఏడు నెలల్లో ఆమె నా పక్కన ఊరికే కూర్చోవడం అప్పుడే.

"తాతయ్యా" అంది. ప్లానర్ అమ్మాయి దగ్గర్లో లేదుగదా అని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "మా కొత్తింటికి ఒక బెంచీ కావాలి. చేసిపెడతావా?"

"పన్నెండున్నాయిగా. ఒకటి పట్టుకెళ్లు."

"అవి కాదు. నున్నగా, సొట్టల్లేకుండా. మంచిది."

నేను ఆమె మొహంలోకి చూశాను. నాకు ప్రశ్నలు వెయ్యడం అలవాటు లేదు. ఆరోజు వేశాను.

"ఆ పన్నెండూ అలాంటివే కదమ్మా?"

మనవరాలు కంచెమీదుగా తోటలోకి చూసింది. ఎవరూ కూర్చోని బెంచీలు చెట్లకింద వరసగా ఉన్నాయి. తప్పుచేసిన దానిలా నా భుజంమీద తల వాల్చింది.

"అవి పెళ్లికి తాతయ్యా. ఇది కూర్చోడానికి."