మేనమామ ఓలెబీలె పొట్టపెట్టె సమరం

ఆకాశంలో మబ్బుతునకైనా లేని శీతకాలంలో, ఎక్కడో అంగోలా కొండలపై ఎప్పుడో కురిసిన వానలు తీరిగ్గా నడిచి నడిచి వచ్చి ఒకవాంగో నదీలంకలను ముంచెత్తుతుండగా, దారులన్నీ మడుగులై, మడుగులన్నీ నీటిగుర్రాల జలక్రీడామందిరాలై, లారీలు గట్టుమీద నిలబడి నిట్టూర్చే ఆ వరదవేళ, తామలకానే నదీశీతలసమీర సంచారపవిత్రమైన మవూన్ పట్టణంలో, విమానాశ్రయానికి ఒక మూలనున్న రేకుల షెడ్డులో, ఒక మహాసంగ్రామం జరిగింది. వినండి. పూలు చల్లడానికి దేవతలెవరూ రాలేదు. వాళ్ళకు వేరే పనులున్నాయి కాబోలు.

ఆ సంగ్రామనాయకుడు ఓలెబీలె. విమానాల మెకానిక్. తైలపంకాలంకృత నీలవస్త్రధారి, పానాహస్తుడు, ఏ ఇంజిన్ దగ్గినా దాని తాతముత్తాతల జబ్బులు కూడా చెప్పగల ధీశాలి. అంతకన్నా ముఖ్యంగా, మేనమామ. అక్క పేరు బోనోలో. ఆమె కొడుకు పెళ్ళిమాటలు మర్నాడు తెల్లవారుతూనే గావెరా లంకలో, పెళ్ళికూతురి వాకిట్లో జరగాలి. అక్కడ వరుడి పక్షాన నోరు విప్పే అధికారం మేనమామది. ఆయన లేకుండా వెళ్తే అవతలివాళ్ళు మర్యాదగా మంచినీళ్ళిచ్చి, చలి గురించి కాసేపు మాట్లాడి, వరద తీశాక రమ్మని సాగనంపుతారు. వరద ఎప్పుడు తీస్తుందో వరదకే తెలియదు.

చిక్కంతా, మాటలు కుదరగానే అక్కడే చేసే పెళ్ళివంటకు తీసుకువెళ్ళే ఇనపకుండలతో వచ్చింది. ఒక్కొక్కటి గున్న ఏనుగంత. పైగా మూడేసి కాళ్ళు. ఆ చిన్న విమానంలోకి ఎక్కించగానే కుండలు సీట్లమీద కాళ్ళు చాపుకుని, పెళ్ళివారికన్నా పెళ్ళివారిలా కూర్చున్నాయి. నిష్కళంక ధవళవస్త్రశోభితుడైన పైలట్ ఫెన్యో ఒక చేత్తో టీ, ఒక చేత్తో నూనెలో వేయించిన మగ్వీన్యా ఉండ పట్టుకుని, లోపలికి తొంగిచూసి తీర్పు చెప్పాడు.

“బరువు గొడవ లేదు ఓలెబీలన్నా. చోటే లేదు. కుండలైనా రావాలి, నువ్వైనా రావాలి.”

“కుండల్లేకపోతే పెళ్ళిభోజనం ఎక్కడిది?” అంది అత్త మ్మాసెయికానో.

“మామ లేకపోతే పెళ్ళెక్కడిది అత్తా?” అంది బోనోలో.

“మీరు తేల్చుకోండి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు మాత్రం నేను ఎగరాలి. ఆ తర్వాత ఈ విమానం సింహాల్ని చూడ్డానికొచ్చిన దొరలది.”

అప్పుడు ఓలెబీలె చూపు షెడ్డు మూలకు వెళ్ళింది. అక్కడ నిరుటి నుంచీ బోర్లా పడివుంది పొట్టపెట్టె. విమానం పొట్ట కింద మరలతో బిగించే సామాన్ల పెట్టె అది. నావంత పొడుగు, నున్నటి ఒళ్ళు. ఆకాశయానం కోసం పుట్టి, కాలం కలిసిరాక, టీ తాగేవాళ్ళకు బల్లగా బతుకుతోంది. దాన్ని బిగిస్తే కుండలు కిందికి, మామ పైకి. మామూలుగా అది నలుగురు మగాళ్ళ పని. కాని ఆ రోజు శనివారం. శనివారం పొద్దున మవూన్‌లో బతికున్న మనిషి కావాలంటే శ్మశానానికే వెళ్ళాలి, ఊరంతా ఎవరో ఒకరిని సాగనంపుతూ అక్కడే ఉంటుంది. షెడ్డులో మిగిలింది ఒక వీరుడు, ఒక అక్క, ఒక అత్త, ఒక తెల్లచొక్కా.

“ఫెన్యో, ఓ చెయ్యి వెయ్యి నాయనా” అంది బోనోలో.

“వేద్దును అక్కా. ఈ చొక్కా చూశావుగా, ఇస్త్రీది. నేను మాట సాయం చేస్తాను.”

చేశాడు. పని అయ్యేదాకా ఆ సాయానికి ఏ లోటూ రానివ్వలేదు.

ఓలెబీలె పెట్టెను వెల్లకిలా తిప్పి, పాత పరుపుమీద విమానం కిందికి ఈడ్చి, వెల్లకిలా పడుకుని, ఆ ధూళిధూసరిత రణరంగంలో దాని ముఖం చూస్తూ ఇలా పలికాడు. “ఈ చేతులతో ఇంజిన్లు దించాను, రెక్కలు ఊడబీకాను, రాబందు పొడిచి పగలగొట్టిన అద్దాలు మార్చాను. నువ్వెంత? నిన్నటిదాకా నీమీద కూర్చుని బిస్కట్లు తిన్నాం.”

పెట్టె బదులు పలకలేదు. గొప్ప శత్రువులు ముందుగా మాట్లాడరు.

ముందువైపు మరలు వదులువదులుగా ఎక్కాయి. ఇక తోకవైపు. అక్కడ ఒక్క మర పట్టిందా, పెట్టె విమానానికి వేలాడుతుంది, తక్కినవన్నీ తీరిగ్గా బిగించుకోవచ్చు. పట్టనంతసేపూ దాని భారమంతా మనిషిమీదే. అటువైపు బోనోలో రెండు చేతులా ఎత్తి పట్టింది. ఇటువైపు ఓలెబీలె మోకాళ్ళతో, ఎడమచేత్తో ఎత్తిపట్టి, కుడిచెయ్యి బయటికి చాచాడు.

“అత్తా, ఒక మర.”

మరలున్న రేకుమూత ఎప్పుడో అత్త ఒడిలోకి చేరింది. ఆమె అడిగి తీసుకోలేదు, వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. మ్మాసెయికానో అంటే వాళ్ళ తండ్రికి అక్క, వంశజ్యేష్ఠ, శాలువా కప్పుకున్న ధర్మశాస్త్రం. ఆమె తన కుడిమోచేతిని ఎడమచేత్తో తాకి, పద్ధతిగా వంగి, మర అందించింది.

పెద్దలు ఇచ్చేదాన్ని అందుకునేటప్పుడు కుడిచెయ్యి చాచి, ఎడమచెయ్యి కుడిమోచేతికి ఆనించాలి. ఆ గడ్డమీద పాలతోపాటు తాగే మర్యాద అది. ఒంటిచేత్తో లాక్కునేది కుక్క ఒక్కటే. ఓలెబీలె పరమ మర్యాదస్తుడు. ఆలోచించలేదు. ఎడమచెయ్యి దానంతటది పెట్టెను వదిలి కుడిమోచేతికి చేరింది.

పెట్టె అతని రొమ్ముమీదికి చేరింది.

ఆ పతనధ్వనికి రేకులమీది పావురాలు దిక్కులు పట్టి ఎగిరాయి. దుమ్ము తగ్గాక వీరుడి గొంతు పీలగా వినిపించింది.

“మర నా చేతిలోనే ఉంది.”

“పెట్టె మటుకు లేదన్నా” అన్నాడు ఫెన్యో, టీ చప్పరిస్తూ. “రెండూ ఒకేసారి ఉండాలి.”

మళ్ళీ ఎత్తారు. ఆ మర ఎక్కడో దొర్లిపోయింది, అత్త ఇంకోటి తీసింది. ఈసారి ఓలెబీలె పళ్ళు బిగించి, ఎడమచేతిని శపించి, కదలకూడదని ఆజ్ఞాపించి, కుడిచెయ్యి ఒక్కటే చాచాడు. అత్త ఇవ్వలేదు.

“నీ రెండో చెయ్యేదిరా?”

“పెట్టె పట్టుకుంది అత్తా.”

“మీ నాన్న నిన్ను అలా పెంచాడా? రేపు పెళ్ళికూతురివాళ్ళ ముందు కూడా ఇలాగే ఒంటిచెయ్యి చాస్తావా?”

“అక్కడ నామీద పెట్టె ఉండదు కదత్తా.”

“పోనీ కింద పెట్టు అత్తా, వాడే తీసుకుంటాడు” అంది బోనోలో రొప్పుతూ.

“కోళ్ళకు గింజలు చల్లుతున్నానా?”

“అయితే ఆ కన్నంలో నువ్వే పెట్టు.”

“నేను మెకానిక్‌నా?”

వాదం ఇంత ధర్మసూక్ష్మంగా సాగుతుండగా, ఓలెబీలె తల తిప్పి అత్త కళ్ళలోకి చూశాడు. ఆ చూపు ముందు ఎడమచెయ్యి మళ్ళీ కరిగిపోయింది. పెట్టె మళ్ళీ పడింది.

“పొద్దు పైకొచ్చింది” అన్నాడు ఫెన్యో. “నన్నడిగితే మామను వదిలేసి కుండనే మాట్లాడమనండి. రెండూ మోగుతాయి.”

బోనోలో అతన్ని ఒక చూపు చూసింది. ఆ చూపుకు అతను టీ గ్లాసుతో సహా వెనక్కి జరిగాడు. కొడుకు పెళ్ళి ఒక మర దగ్గర ఆగిపోయిందన్న సంగతి ఆమెకు అప్పుడే పూర్తిగా ఎక్కింది. తలగుడ్డ విప్పి, చుట్టి కుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. నేలమీద పాకుతూ తమ్ముడి పక్కకు వచ్చి, గొంతుక్కూర్చుని, నీళ్ళబిందెను ఎత్తుకున్నంత సులువుగా పెట్టె తోకను నెత్తికెత్తుకుంది. ఆమె చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. తమ్ముడు ఎడమచేత్తో మళ్ళీ పెట్టెను ఎత్తిపట్టాడు. కుడిచెయ్యి చాచాడు. బోనోలో తన అరచేతిని మెల్లగా అతని కుడిమోచేతి కింద ఆనించింది.

అత్త కళ్ళద్దాలు సర్దుకుంది.

“ఎవరి చెయ్యి అది?”

“అదే తల్లి కన్న చెయ్యి అత్తా” అంది బోనోలో.

మ్మాసెయికానో ఆలోచించింది. తరాల తరబడి పోగైన పద్ధతులన్నిటినీ ఆమె మనసులో ఒక్కొక్కటిగా తిరగేస్తున్నట్టు కనిపించింది. అంతసేపూ ఒక అక్క మెడ, ఒక తమ్ముడి మోకాళ్ళు ధర్మాన్ని మోస్తూనే ఉన్నాయి. చివరికి ఆమె తల పంకించింది.

“ఇంటివాళ్ళదే. చెల్లుతుంది.”

మర చేతిలో పడింది. కన్నం దొరికింది. స్క్రూడ్రైవర్ తిరిగింది. కిర్రుమని, కాస్త మొరాయించి, పట్టింది. ఓలెబీలె మోకాళ్ళు దించాడు. పెట్టె దిగలేదు. బోనోలో తల తీసింది. పెట్టె అలాగే వేలాడింది. తక్కిన మరలను వీరుడు జేబులో పోసుకుని తనే బిగించుకున్నాడు. ఆ మార్గం ముందే ఎందుకు తోచలేదని అడిగే సాహసం ఎవరూ చెయ్యలేదు. కుండలు ఒకదాని వెనక ఒకటి, కాళ్ళు ముడుచుకుని, విమానం పొట్టలో నిద్రపోయాయి.

ఇట్లు పొద్దు నడినెత్తికి రాకమునుపే, మాతులకులభూషణుడు, ద్విపతనసహిష్ణువు, సహోదరీహస్తావలంబనవిజయి అయిన ఓలెబీలె, గోరంత మరను జయించి, లోకంలో మేనమామల ప్రతిష్ఠను శాశ్వతంగా నిలబెట్టి, విమానంలో వెనక వరుసలో ఒక సీటును గెలుచుకున్నాడు. సీటంటే మొత్తం కాదు, సగం. మిగతా సగంలో అత్త పెళ్ళిటోపీ పెట్టె కూర్చుంది. దాన్ని ఆమె అందించినప్పుడు, అతను రెండు చేతులతోనూ అందుకున్నాడు.