సూచనలన్నీ పాటించిన గూడు

ఒక పెద్ద అడవిలో, అల్లడం వచ్చిన ఇద్దరూ రాని బోలెడుమందీ కలిసి ఒక అల్లికల సంఘం పెట్టుకున్నారు. వారం వారం వాగు ఒడ్డున కూడేవాళ్ళు. 'కలిసి నేర్చుకుందాం' అన్నది వాళ్ళ నినాదం. అందులో కలవడం వరకూ బాగానే జరిగేది.

సంఘానికి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు గారు. ఆయన పుట్టాక ఒక్క పోగు ముట్టుకుని ఎరగడు. కానీ ఒంటినిండా అంత ఉన్ని ఉన్నవాడికి నేత గురించి తెలియకుండా ఉంటుందా అని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకి ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

కార్యదర్శి పోచయ్య, వయసు మళ్ళిన గిజిగాడు. నిజంగానే అల్లగలడు. కార్యదర్శి అయ్యాక మానేశాడు. సాలీడు జిగురమ్మ సిద్ధాంతాలు బోధించే పంతులమ్మ. కాకి నల్లన్న ఊళ్ళోంచి తుప్పు తీగలు ఏరుకొచ్చి సంఘానికి సరఫరా చేసే కాంట్రాక్టరు. ఇక గౌరవ సలహాదారు కోకిల కలకంఠి. ఆవిడ గూడు కట్టిన పాపాన పోలేదు. అయితేనేం, అడవిలో ఆవిడ చూసినన్ని గూళ్ళు లోపలినించి ఇంకెవరూ చూళ్ళేదు. అదీ గూటివాళ్ళు ఇంట్లో లేనప్పుడు.

ఒకరోజు ఈ పెద్దల ముందు తుంగ వచ్చి వాలింది.

తుంగ ఆడ గిజిగాడు. గిజిగాళ్ళలో అల్లేది మగవాళ్ళే. వాళ్ళు గూడు సగం అల్లి ఆపుతారు. ఆడది వచ్చి అందులో కూర్చుని, ఊగి చూసి, బాగుందంటే మిగతా సగం అల్లుతారు. బాగాలేదంటే వదిలేసి పోతారు. కిందటేడు తుంగ 'బాగుంది' అంది. మొగుడు మిగతా సగం గబగబా చుట్టేసి, పక్క కొమ్మ మీద ఇంకో ఆవిడ కోసం ఇంకో సగం మొదలుపెట్టాడు. వాళ్ళలో అదేమీ తప్పు కాదు, చురుకుదనం అంటారు. తొలి గాలివానకే తుంగ గూడు ముడి జారి వాగులో పడిపోయింది. గుడ్లతో సహా.

ఆ గూటికి 'గట్టిది' అని ముద్ర వేసిన పుణ్యాత్ముడు పోచయ్యే.

"నాకు అల్లడం నేర్పండి," అంది తుంగ. "ఈసారి నా గూడు నేనే అల్లుకుంటాను. తుమ్మకొమ్మకి కట్టుకుంటాను."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. వాగు మీదికి వాలిన ఆ ముళ్ళ తుమ్మకొమ్మ ఒక్కటే పాములు రాలేని చోటు. ఆ కొమ్మ సంఘం చేతిలో ఉంది. సంఘం ఒప్పుకున్న గూడే దాని మీద వేలాడాలి. వానలా, నెత్తి మీదికి వచ్చేశాయి. తుంగ కడుపులో గుడ్లు రోజురోజుకీ బరువెక్కుతున్నాయి. కొమ్మ దొరక్కపోతే నేల మీది పొదలే దిక్కు. అక్కడ పాములు ఏ సంఘాన్నీ అనుమతి అడగవు.

"చూడమ్మాయ్," అన్నాడు పోచయ్య, గొంతులో బెల్లం కలిపి. "మీ ఆడవాళ్ళకి ఎంత పెద్ద పీట వేశాం! మేం అల్లుతాం, మీరు తీర్పు చెప్తారు. న్యాయమూర్తి వచ్చి బల్లలు చెక్కే పని ఇప్పించండంటే బాగుంటుందా?"

"కూర్చున్న బల్లే విరిగి పిల్లలు ఏట్లో పడితే, న్యాయమూర్తికి కూడా వడ్రంగం నేర్చుకోవాలనిపిస్తుంది బాబాయ్."

ఒడ్డున కూర్చున్న ఉడతలు కిసుక్కుమన్నాయి. పోచయ్య వాటికేసి ఉరిమి చూశాడు.

"అల్లికకి తగిన ముక్కు ఉండాలి కదమ్మా."

"నీ ముక్కూ నా ముక్కూ ఒకటే. కాకపోతే నీది చాలా ఏళ్ళుగా ఖాళీగా ఉంది."

ఈసారి కుందేళ్ళు కూడా నవ్వాయి. భల్లూకరావు గారు నవ్వబోయి, తను అధ్యక్షుడినని గుర్తొచ్చి దగ్గారు. పోచయ్య ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన తల ఊపారు. ఇంకేదో ఊదాడు. ఈసారి ఇంకా గట్టిగా ఊపారు. పోచయ్య ముందుకు వచ్చి, రెక్కలు సర్దుకుని ప్రకటించాడు:

"మన పద్ధతి కలిసి నేర్చుకోవడం. కాబట్టి పెద్దలు తలా ఒక సూచన ఇస్తారు. సూచనలన్నీ గూట్లో కనపడాలి. కనపడ్డాయని అధ్యక్షులవారు నోటితో చెప్తే, కొమ్మ నీదే. ఒక్కటి తగ్గినా లేదు."

"మాట మీద ఉంటారా?"

"సంఘం మాటమ్మా! ఎలా తప్పుతుంది?"

భల్లూకరావు గారు గొంతు సవరించుకున్నారు. "ద్వారం గౌరవంగా ఉండాలి. నాబోటివాడు పరిశీలనకి వస్తే తల పట్టాలి. పిట్టగూడు కదా అని పిట్ట మనసుతో కట్టకూడదు."

"లోపలంతా జిగురు పోగు పరవాలి," అంది జిగురమ్మ. "మా వంశంలో అందరి ఇళ్ళూ అలాగే ఉంటాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతామనరు. అదీ ఆతిథ్యం అంటే."

"గడ్డి ఏం నిలుస్తుందండీ ఈ రోజుల్లో?" అన్నాడు నల్లన్న. "ఇనపతీగ పెట్టాలి. ద్వారం చుట్టూతా. కొనలన్నీ లోపలివైపుకి వంచాలి. దొంగ వచ్చాడనుకోండి, లోపలికి రాగలడు గానీ బయటికి పోలేడు. తీగ నా దగ్గరే ఉంది, ఎంత కావాలంటే అంత."

కలకంఠి కళ్ళు అరమోడ్చింది. "నాదొక చిన్న కోరిక. వెనకాల ఒక దొడ్డిదారి ఉంచమ్మా. తల్లి మేతకి వెళ్ళినప్పుడు బంధువులు ఎవరైనా వచ్చి పోతూ ఉంటారు. వాళ్ళకి ఇబ్బంది కాకూడదు."

"అన్నీ అయ్యాక," అన్నాడు పోచయ్య, "చివరి ముడి వెయ్యకుండా ఆపాలి. మేం చూశాకే పూర్తి. అది మన ఆచారం."

సభ ముగిసింది. అందరూ ఎగిరిపోయాక నల్లన్న తుంగ పక్కన వాలాడు.

"పిల్లా, ఆశ పెట్టుకోకు. మా సూచనలు పాటించి ఈ సంఘంలో ఇంతవరకూ ఒక్క చాప పూర్తికాలేదు. అందుకే ఇస్తాం సూచనలు."

"తెలుసు నల్లన్నా. తీగ ఎప్పుడు తెస్తావు?"

కాకి బిత్తరపోయాడు. తీగని నిజంగా అడిగినవాళ్ళు అతనికి ఇంతవరకూ తగల్లేదు.

నేర్పేవాళ్ళెవరూ లేరు. తుంగ వాగు దిగువకి వెళ్ళింది. కిందటేడు కొట్టుకుపోయిన తన గూడు తుంగగడ్డిలో చిక్కుకుని అక్కడే ఉంది. లోపలికి చూడాలంటే మనసొప్పలేదు. కళ్ళు మూసుకుని ఒక పోగు లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. కొమ్మకి కట్టే మెడ దగ్గరికి వచ్చేసరికి, పట్టీ పట్టకముందే ముడి దానంతటదే ఊడి వచ్చింది. ఒక్క చుట్టు. తొందరలో మొగుడు రెండో చుట్టు తిప్పలేదు, అంతే. తుంగ ఆ పోగు ముక్కున పట్టుకుని రెండో చుట్టు తిప్పి చూసింది. తర్వాత గూడంతా విప్పింది. విప్పినదాన్ని మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పింది. అల్లిక దానికి అలా, వెనకనించి ముందుకి వచ్చింది.

ఇక తుంగ, సంఘం కోరిన గూడు మొదలుపెట్టింది. మొదలుపెట్టాక దానికి నవ్వాగలేదు. భల్లూకరావు గారి తల పట్టే ద్వారం అంటే గుమ్మడికాయకి సంచి కుట్టినట్టే. జిగురు పోగు అడిగితే జిగురమ్మ ఉబ్బితబ్బిబ్బై మూటలకొద్దీ ఇచ్చింది. నల్లన్న మోసిందే మోశాడు. దొడ్డిదారి ఎలా ఉండాలో చూపించడానికి కలకంఠి స్వయంగా వచ్చి, కొలతలు కూడా ఇచ్చింది. సరిగ్గా తన ఒళ్ళు పట్టేంత.

పరిశీలన రోజుకి అడవంతా వచ్చింది. అధ్యక్షులవారికి అందేలా, ఒడ్డు పక్కగా తుమ్మకొమ్మకి గూడు వేలాడుతోంది, చెప్పినట్టే చివరి ముడి ఒక్కటీ వెయ్యకుండా. గూడనాలో, బస్తా అనాలో, ముళ్ళపందికి తొడిగిన చొక్కా అనాలో ఎవరికీ తెలియలేదు. పోచయ్య మొహం వాడిపోయింది. ఇంతదాకా వస్తుందని అతను అనుకోలేదు.

"సూచనలు కనపడుతున్నాయా లేదా అధ్యక్షులవారు చూడాలి," అన్నాడు, ఇంకా ఆశ చావక.

ఊగి చూడటం ఆచారం. భల్లూకరావు గారు ఊగితే కొమ్మ ఉండదు కాబట్టి, ఒడ్డు మీద రెండు కాళ్ళ మీద నిలబడి తల మాత్రం లోపల పెట్టారు. అదే సమయానికి కలకంఠి వెనకవైపు నించి దూరింది. దొడ్డిదారి సౌకర్యంగా ఉందో లేదో చూడటం తన బాధ్యత అనుకుంది.

లోపలినించి ఒక కేక. వెంటనే ఇంకో కేక, సన్నగా.

"ఎవరది?" అంది ఎలుగుబంటి గొంతు.

"నేనేనండీ, కలకంఠిని!"

"నా ముక్కు మీద ఏం చేస్తున్నావమ్మా?"

"పరిశీలనండీ!"

భల్లూకరావు గారు తల వెనక్కి లాగారు. తీగ కొనలు మెడలో దిగాయి. ముందుకు తోశారు. జిగురు చెంపలకి అంటుకుంది. మళ్ళీ లాగారు. కొమ్మ కిర్రుమంది, గూడు మాత్రం రాలేదు. అంత బాగా అల్లింది తుంగ.

తుంగ గూటి మీద వాలి, ఒంగి అడిగింది. "అధ్యక్షా! సూచనలన్నీ కనపడుతున్నాయా?"

"చీకటి! ఏమీ కనపడటం లేదు!"

"అయ్యో, కనపడకపోతే కొమ్మ లేదన్నారు కదండీ. ఇంకాస్త లోపలికి వెళ్ళి చూడండి."

"వద్దు వద్దు! కనపడుతున్నాయి! జిగురు కనపడుతోంది, తీగ కనపడుతోంది, కలకంఠి మరీ దగ్గరగా కనపడుతోంది! కొమ్మ నీదే తల్లీ, నీ పిల్లలది, నీ మనవలది! ముందు నన్ను బయటికి తియ్యి!"

"అందరూ విన్నారుగా?" అంది తుంగ.

"విన్నాం!" అన్నాయి ఉడతలు, కుందేళ్ళు. జింకలు కూడా అన్నాయి. జింకలు మామూలుగా సభల్లో నోరు విప్పవు.

పోచయ్య కొమ్మ మీద అటూ ఇటూ గెంతాడు. "అమ్మాయ్, సరే, గెలిచావు. విప్పు."

"నేనొక్కదాన్నే విప్పితే కలిసి నేర్చుకోవడం ఎలా అవుతుంది బాబాయ్? ఎవరి సూచన వాళ్ళు విప్పుకోండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జిగురమ్మ తన పోగు పట్టుకుని లాగి, తనే అంటుకుపోయింది. "అంటించడమే మా పాఠంలో ఉంది, ఊడదీయడం లేదు," అని ఏడుపు మొదలుపెట్టింది. ఒక కుందేలు వాగు ఒడ్డునించి పొడి మట్టి తెచ్చి చల్లింది. జిగురు చచ్చింది. "ఓహో!" అంది జిగురమ్మ, ఏడుపు మరచిపోయి.

నల్లన్న ఇంతవరకూ తీగ అమ్మాడు గానీ వంచలేదు. ముక్కు నొప్పెట్టేలా ఒక్కో కొన బయటికి తిప్పుతూ, "ఈ పనికిమాలిన సరుకు ఎవడు తెచ్చాడ్రా!" అని తనని తానే తిట్టుకున్నాడు.

పోచయ్య ముక్కు ఒక ముడి దగ్గర ఆగిపోయింది. మరచిపోయాడు. తుంగ పక్కన వాలి, "ఎడమ పోగు ముందు లాగు బాబాయ్," అంది, ఎకసెక్కెం లేకుండా. అతను లాగాడు. ముడి వీడింది.

"రెండు చుట్లు వేశావు," అన్నాడు మెల్లగా.

"అవును. రెండు వెయ్యాలి."

పోచయ్య తల దించుకుని తర్వాతి ముడి పట్టుకున్నాడు. ఉడతలు పైకెక్కాయి. కుందేళ్ళు కింద నిలబడి ఊడిన పోగులు చుట్టలు చుట్టాయి. ఎవరికి రాని ముడి వాళ్ళు పక్కవాళ్ళని అడిగారు, వచ్చినవాళ్ళు చూపించారు. లోపలినించి అధ్యక్షుడు మూలుగుతూనే ఉన్నారు గానీ, పనిలో పడి ఎవరికీ వినపడలేదు. సంఘం పెట్టాక జరిగిన మొదటి తరగతి అదే.

పొద్దు వాలేసరికి భల్లూకరావు గారు బయటపడ్డారు. మెడ చుట్టూ ఉన్ని లేదు. ఆయన వెనకే కలకంఠి, ఈకలన్నీ రేగి, ఎటో ఎగిరిపోయింది.

మర్నాడే తుంగ తుమ్మకొమ్మ మీద తన గూడు మొదలుపెట్టింది. చిన్నది. ఒకవైపుకి కొంచెం ఒరిగింది, ద్వారం వంకర. ఎవరి ముద్రా లేదు. పక్క చెట్టు ఆడగిజిగాడు ఒకామె వచ్చి, అలవాటుగా అందులో కూర్చుని ఊగబోయింది.

"ఊగడం తర్వాత," అంది తుంగ. "ఇదిగో, ఈ పోగు పట్టుకో. రెండో చుట్టు నువ్వు తిప్పు."

వాన వచ్చింది. కొమ్మ వాగు నీళ్ళని తాకేంత వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. గూడు గిరగిరా తిరిగింది. తుంగ గుడ్ల మీద ఒళ్ళు పరిచి, ఒక్కో గాలి విసురుకీ మెడ దగ్గరి ముడికేసి చూసుకుంది. వాన వెలిశాక గూడు ఇంకొంచెం ఒరిగింది. అయినా అక్కడే ఉంది.

ఆ వారం సంఘం సమావేశమై, తన శిరస్సునే పాఠ్యవస్తువుగా అర్పించినందుకు అధ్యక్షులవారిని అభినందిస్తూ తీర్మానం చేసింది. పైఏడు ఇలాంటి శిబిరం మళ్ళీ పెట్టాలని ఉడతలు పట్టుబట్టాయి. భల్లూకరావు గారు ఆరోగ్య కారణాల వల్ల పదవి వదులుకున్నారు.

నీతి: సంఘంలో అందరికీ పని రావాలంటే, అధ్యక్షుడి తల ఎక్కడో ఒకచోట ఇరుక్కుని తీరాలి.